నాబోతు ఊరి పెద్దలు

తీర్పు దేవుడిది. ఈ మాట మా పల్లెల్లో ఎవరు ఎవరికి చెబుతారో ఎప్పుడన్నా గమనించారా? కొట్టినవాడి ఇంటికి వెళ్ళి ఎవరూ చెప్పరు. దెబ్బలు తిన్నవాడి గడపలో కూర్చుని చెబుతారు. భూమి లాక్కున్నవాడికి చెప్పరు, భూమి పోయినవాడి భుజం తట్టి చెబుతారు. బైబిల్లో దేవుడు రాజుల్ని నిలబెట్టి అడిగిన లెక్కలన్నీ మా దగ్గరికొచ్చేసరికి మమ్మల్ని ఊరుకోబెట్టే జోలపాటలయ్యాయి. నా తగువు ఆ జోలపాటతో. దేవుడితో నాకు వేరే తగువుంది, అదీ చెబుతాను.

మాది రేపల్లెకి దిగువన సముద్రం వైపు ఒక మాలపల్లె. నాన్న రేపల్లెలో రిక్షా తొక్కాడు. అమ్మ నాట్లకీ కలుపులకీ కోతలకీ వెళ్ళేది. మా ఇంట్లో నాకు ముందు పదో తరగతి గడప తొక్కినవాళ్ళు లేరు. రేపల్లె పాసింజరులో వేమూరు దాటేదాకా నిలబడి తెనాలి వెళ్ళి డిగ్రీ చదువుకున్నాను. ఇప్పుడు బాపట్ల దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్ని. ఈ వివరాలు ఎందుకంటే, బైబిలు గురించి మాట్లాడటానికి నువ్వెవరివి అని అడిగేవాళ్ళుంటారు. మా ఇంట్లోకి వచ్చిన మొట్టమొదటి పుస్తకం అది. చాలా ఏళ్ళు ఒకే ఒక్క పుస్తకం కూడా అదే. తెలుగు అక్షరాలు నేను వాచకంలో కన్నా ముందు అందులోనే కూడబలుక్కున్నాను. దాంతో పోట్లాడే హక్కు నాకు కాకపోతే ఎవరికుంటుంది?

నాబోతు ద్రాక్షతోట ప్రసంగం నేను ఇప్పటికి అయిదారుసార్లు విన్నాను. ప్రతిసారీ అది యెజెబెలు మీద ప్రసంగమే. కళ్ళకి రంగేసుకుంది, తల దువ్వుకుంది, మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకుంది, చివరికి కుక్కలు తిన్నాయి. ఆడదాని మాట విన్న అహాబు చెడిపోయాడు. కాబట్టి అమ్మలారా, సహోదరీలారా, మీరు మీ భర్తలకి లోబడి ఉండండి. అయిపోయింది. మగాళ్ళ వరసలో సన్నగా నవ్వులు. ఆడవాళ్ళం ముసుగులు సర్దుకుంటాం. నాబోతు ఏమయ్యాడు? తోట ఏమైంది? ఆ ప్రసంగాల్లో తోట మాయమైపోతుంది, ఇక్కడ మా వాళ్ళ అసైన్డ్ భూములు మాయమైనట్టే.

రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం మా పల్లె అరుగు మీద కూర్చుని చదివితే ఇలా ఉంటుంది. రాజుగారి కోట పక్కన ఒక మామూలు రైతుకి తోట ఉంది. రాజుకి అక్కడ కూరగాయలు వేసుకోవాలనిపించింది. డబ్బిస్తానన్నాడు, వేరే చోట ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. రైతు ఇవ్వనన్నాడు, తాతలనాటిది కనక. ఇంతవరకూ నేరం లేదు. ఆ తర్వాత రాణి ఏం చేసింది? గూండాల్ని పంపలేదు. ఉత్తరం రాసింది, రాజు ముద్ర వేసింది, ఆ ఊరి పెద్దలకి పంపింది. ఊరి పెద్దలు ఉపవాస దినం చాటించారు. అంటే మీటింగు పెట్టారు, అదీ భక్తిగా. నాబోతుని నలుగురి ముందూ ఎత్తున కూర్చోబెట్టారు. ఇద్దరు సాక్షుల్ని తెచ్చారు. ధర్మశాస్త్రం ఇద్దరు సాక్షులు కావాలంటుంది గదా, సరిగ్గా ఇద్దర్ని. దేవుణ్ణీ రాజునీ దూషించాడని చెప్పించారు. ఊరి బయటికి తీసుకెళ్ళి రాళ్ళతో కొట్టి చంపారు. తర్వాత రాణికి కబురు పంపారు, పని అయిపోయిందని.

ఇది ఒక చట్టబద్ధమైన హత్య. ప్రతి కాగితమూ సక్రమంగా ఉంది. ముద్ర ఉంది, తీర్మానం ఉంది, సాక్ష్యం ఉంది, శిక్ష అమలు ఉంది.

అప్పుడు ఏలీయా వచ్చి అహాబు మొహం మీద చెప్పాడు, చంపి స్వాధీనం చేసుకున్నావు, నీ రక్తమూ కుక్కలు నాకుతాయని. అహాబు గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నాడు. దేవుడు కనికరించి శిక్షని కొడుకు కాలానికి వాయిదా వేశాడు. గమనించండి, అహాబు ఏడ్చాడు గానీ తోట తిరిగిచ్చాడని ఎక్కడా లేదు. ఆ తర్వాత యెహూ తిరగబడి అహాబు కొడుకుని చంపి శవాన్ని తెచ్చి నాబోతు పొలంలోనే పారేయించాడు. అక్కడ ఇంకో మాట బయటపడుతుంది, రాజుల రెండవ గ్రంథం 9వ అధ్యాయంలో: నాబోతుతో పాటు అతని కొడుకుల రక్తం కూడా ఆనాడే పారింది. అంటే వారసులు లేకుండా చేశారు. తిరిగి ఇవ్వాలన్నా పుచ్చుకునేవాడు మిగల్లేదు.

మరి ఆ ఊరి పెద్దలు? ఉత్తరం చదివి, ఉపవాసం చాటించి, సాక్షుల్ని కూర్చోబెట్టి, రాళ్ళు వేయించిన ఆ పెద్దమనుషులు? వాళ్ళకి ఏ ప్రవక్తా శాపం పెట్టలేదు. కుక్కలు వాళ్ళ జోలికి రాలేదు. యెహూ తర్వాత అహాబు తాలూకు గొప్పవాళ్ళని చంపించాడు, నిజమే. అది అహాబు మనుషులని, నాబోతుని చంపారని కాదు. పైగా 10వ అధ్యాయంలో యెహూ షోమ్రోనులో ఉన్న యెజ్రెయేలు అధికారులకీ పెద్దలకీ ఉత్తరం రాస్తాడు, అహాబు కొడుకులు డెబ్భైమంది తలలు పంపమని. వాళ్ళు బుట్టల్లో పెట్టి పంపారు. ఉత్తరం మారింది, ముద్ర మారింది, పెద్దరికం మారలేదు. నిన్న అహాబు పార్టీ, ఇవాళ యెహూ పార్టీ. మా మండలంలో ఇలాంటివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలను.

ఒకసారి ప్రసంగం అయ్యాక అయ్యగార్ని అడిగాను.

'అయ్యగారూ, ఆ తోట చివరికి ఎవరికి దక్కిందండీ?'

'ఏ తోటమ్మా?'

'నాబోతుది.'

'వాక్యంలో అది ముఖ్యం కాదు టీచరమ్మా. ఆత్మీయ అర్థం చూసుకోవాలి.'

'మా తాత ఎకరానికి కూడా ఆత్మీయ అర్థమేనా అండీ?'

ఆయన నవ్వి ఊరుకున్నారు. మంచి మనిషే. ఆయనకీ తెలుసు ఆ ఎకరం సంగతి.

మా తాతకి ప్రభుత్వం డి-పట్టా ఇచ్చింది, ఎకరం ఇరవై సెంట్లు, ఉప్పు తగిలే నేల. 1990ల్లో మా తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. ఊళ్ళో ఒక పెద్దాయన వచ్చి మూడేళ్ళు కౌలుకిమ్మన్నాడు. తాత వేలిముద్ర వేశాడు. ఏ కాగితం మీద వేశాడో తాతకి తెలియదు, చదివి చెప్పేవాళ్ళు అప్పుడు ఇంట్లో లేరు. నేనింకా సండేస్కూల్లో అ ఆలు దిద్దుతున్నాను. మూడేళ్ళు గడిచాక అడగబోతే కాగితం చూపించారు. పేదలకిచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. అలా మారితే తిరిగి తీసుకుని అసలువాడికి ఇవ్వాలని కూడా అందులో ఉంది. తాత మండలాఫీసుకి తిరిగాడు. తిరిగి తిరిగి చచ్చిపోయాడు. 2023లో ఆ చట్టాన్నే సవరించి, ఇరవై ఏళ్ళు దాటితే అసైన్డ్ భూమి అమ్ముకోవచ్చన్నారు. అమ్ముకునే హక్కు మాకొచ్చిందని పండగ చేసుకోమన్నారు. నాబోతు బతికున్నప్పుడు అమ్మనన్నాడు. ఇక్కడ నాబోతు పోయాక అమ్మకానికి అనుమతి వచ్చింది.

ఆ పెద్దాయనే మా చర్చికి రేకులు వేయించాడు. మైకు సెట్టు కొనిచ్చాడు. సెమీ క్రిస్మసుకి వచ్చి కేకు కోసేవాడు. అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి, ఆయన్నీ ఆయన ఇంటినీ ఆయన పంటల్నీ దీవించమని ప్రార్థన చేసేవారు. ఆయన పంటల్లో మా గుంట కూడా ఉంది. మేమంతా ఆమేన్ అనేవాళ్ళం.

మా నాయనమ్మ మాత్రం అనేది కాదు. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని, పురుగులు పడి చస్తాడు అనేది. అది మా పల్లెలో తిట్టూ, బైబిల్లో తీర్పూ. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో హేరోదు అలాగే పురుగులు పడి చచ్చాడు. దాన్ని గర్వం మీద ప్రసంగంగా చెబుతారు, దేవుడికి ఇవ్వాల్సిన మహిమ తాను తీసుకున్నాడని. అదే అధ్యాయం మొదట్లో హేరోదు యాకోబుని కత్తితో చంపించాడనీ, జనం మెచ్చుకుంటున్నారని చూసి పేతుర్ని కూడా పట్టించాడనీ ఉంది. అది దాటేస్తారు. పేతురు తప్పించుకుంటే కాపలావాళ్ళని చంపించాడని ఉంది. అదీ దాటేస్తారు. హత్యలు తీసేసి గర్వం మాత్రం మిగిల్చారు. ఎందుకంటే గర్వం అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది, మా అమ్మకీ ఉంటుంది. చంపించే అధికారం అందరికీ ఉండదు. అందరి పాపం చేసేస్తే ఎవరి పాపమూ కాదు.

మా పెద్దాయనకి పురుగులు పడలేదు. ఎనభై దాటి, ఏసీ గదిలో, నిద్రలో పోయాడు. మా అయ్యగారు వెళ్ళి ప్రార్థన చేసి వచ్చారు. నాయనమ్మ అప్పటికి లేదు. ఉంటే ఏమనేదో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయలేను.

ఇది ఒక్క ఎకరం కథ అయితే ఇంత రాయక్కర్లేదు. కారంచేడు, చుండూరు ఇప్పుడు రెండూ మా జిల్లాలోనే ఉన్నాయి, 2022లో జిల్లాలు విడగొట్టాక రెండూ బాపట్లకే వచ్చాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెలు కడిగిన నీళ్ళ మీద మొదలైన గొడవ. దెబ్బకి ఎదురు బిందె ఎత్తిన ఆమె పేరు మున్నంగి సువార్తమ్మ. సువార్త! ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు ఏం ఆశించి పెట్టారో గానీ, ఆ రోజు ఆ జిల్లాలో నిజమైన సువార్త ఆ బిందే. ఆ సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది.

సరిగ్గా అదే నెలలో దక్షిణాఫ్రికాలో పాదిరీలూ వేదాంత పండితులూ కలిసి కైరోస్ పత్రం అని ఒకటి రాశారు. రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చూపించి అధికారులకి లోబడమని చెప్పే వేదాంతాన్ని అది ప్రభుత్వ వేదాంతం అని పేరు పెట్టి తిప్పికొట్టింది. పశ్చాత్తాపం లేకుండా, న్యాయం జరగకుండా రాజీ లేదని చెప్పింది. సొవెటో దేవుడూ చీరాల దేవుడూ ఒక్కడే గదా. అక్కడ చర్చి నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ చర్చి బయట, తెనాలి సభలో, బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్ళ నోటినించి రావాల్సి వచ్చింది. పాదిరీలు అసలే లేరనను. బాధితులకి అన్నం పెట్టినవాళ్ళున్నారు, గాయాలు కడిగినవాళ్ళున్నారు. ఏలీయా లాగా వెళ్ళి అహాబు ఎదురుగా నిలబడ్డం వేరే పని. నేను ఆ పని గురించి అడుగుతున్నాను.

1991 ఆగస్టు 6. చుండూరు. నేనప్పటికి ఏడాది పిల్లని. సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలై, సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళి, చివరికి ఎనిమిదిమంది ప్రాణాలు తీసింది. పోలీసులొచ్చి పారిపొమ్మన్నారని పల్లెవాళ్ళు చెప్పారు. పారిపోతున్నవాళ్ళని పొలాల్లో వెంటాడి నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయినులో తొక్కారు. చనిపోయినవాళ్ళలో బైబిలు పేర్లు పెట్టుకున్నవాళ్ళున్నారు. తెనాలి నించి బాపట్ల వెళ్ళే ప్రతి పాసింజరూ చుండూరులో ఆగుతుంది. దిగండి. వాళ్ళని సమాధి చేసిన రక్తక్షేత్రం దగ్గరికి వెళ్ళి ఆ పేర్లు మీరే చదువుకోండి.

ఆ ఊళ్ళోనే కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు చుండూరు దళితులు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు చంపారో, ఎక్కడ చంపారో, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదట. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. క్యాలెండరు చూడండి, 2014లో ఏప్రిల్ 20న ఈస్టరు. సమాధి ఖాళీగా ఉందని పాడుకుని రెండు రోజులు కాలేదు. ఇక్కడ బోను ఖాళీ అయింది.

ఆ తర్వాతి ఆదివారం నేను వెళ్ళిన చర్చిలో ప్రసంగం క్షమాపణ మీద. సిలువ మీద యేసు తనని చంపేవాళ్ళ కోసం ప్రార్థన చేశాడు గదా, మనమూ చెయ్యాలని. ఆ ప్రార్థనలో ఒక షరతు లాంటి మాట ఉంది, వాళ్ళకి తాము చేసేది తెలియదని. మనిషిని నరికి, గోతంలో కుక్కి, కాలవ బురదలో తొక్కేవాడికి తానేం చేస్తున్నాడో తెలియదా? తెలియకపోతే దాచడం దేనికి? లూకా సువార్తలోనే 17వ అధ్యాయంలో వరస స్పష్టంగా ఉంది: తప్పు చేసినవాణ్ణి ముందు గద్దించు, వాడు మారితే అప్పుడు క్షమించు. గద్దించడం ఎగిరిపోయింది, మారడం ఎగిరిపోయింది. క్షమించడం ఒక్కటి మిగిలింది, అదీ మా వంతుకి.

మారడం అంటే ఏమిటో కూడా బైబిల్లోనే ఉంది. జక్కయ్య చెట్టు దిగి ఏడవలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, ఆస్తిలో సగం పేదలకన్నాడు. రక్షణ మాట యేసు నోట ఆ తర్వాతే వచ్చింది. ఫరో అలా కాదు. వడగళ్ళు పడుతుంటే తప్పయిపోయిందన్నాడు, వడగళ్ళు ఆగగానే మళ్ళీ మొదటికొచ్చాడు. అయిదేళ్ళకోసారి మా పల్లెలోకి దండాలు పెట్టుకుంటూ వచ్చేవాళ్ళని చూసినప్పుడల్లా నిర్గమకాండం 9వ అధ్యాయం గుర్తొస్తుంది నాకు. మనష్షే సంగతి ఇంకా విచిత్రం. యాభై అయిదేళ్ళు ఏలాడు, యెరూషలేమంతా నిరపరాధుల రక్తంతో నింపాడు. దినవృత్తాంతాల్లో అతను చెరలో మారాడని, దేవుడు క్షమించాడని రాశారు. రాజుల గ్రంథంలో ఆ మార్పు మాటే లేదు. అతని పాపానికి తర్వాతి తరాల జనం మూల్యం చెల్లించారని ఉంది. రెండు పుస్తకాలూ ఒకే బైబిల్లో పక్కపక్కనే ఉన్నాయి. మన ఫ్యాక్ట్ ఫైండింగు రిపోర్టూ ప్రభుత్వ రిపోర్టూ లాగా.

ఇక్కడే దేవుడితో నా తగువు. దావీదు ఊరియాని చంపించి అతని భార్యని తెచ్చుకున్నాడు. నాతాను గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ దొంగ మరెవరో కాదు రాజే అని మొహాన అన్నాడు. దావీదు వెంటనే ఒప్పుకున్నాడు. బాగుంది. శిక్ష ఎవరికి పడింది? చంటిబిడ్డ చచ్చిపోయాడు. ఆ తర్వాత అబ్షాలోము తండ్రి మీద తిరగబడి, తండ్రి ఉంపుడుగత్తెలు పదిమందిని మేడ మీద అందరూ చూస్తుండగా చెరిచాడు. నాతాను ముందే చెప్పాడు అలా జరుగుతుందని. దావీదు తిరిగొచ్చి ఆ పదిమందినీ చచ్చేదాకా ఒక ఇంట్లో పెట్టి తాళం వేశాడు. దావీదు చేసిన నేరానికి ఆ పదిమంది ఆడవాళ్ళు జీవితఖైదు అనుభవించారు. ఈ మాట ఏ స్త్రీల కూడికలోనూ నేను వినలేదు. దావీదు ఏడుస్తూ రాసిన కీర్తన మాత్రం కంఠతా వచ్చు.

ఐగుప్తు తెగుళ్ళు ఒక సాయంత్రం అమ్మకి చదివి వినిపించాను. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. ఫరో కొడుకు నించి తిరగలి విసిరే దాసిదాని కొడుకు దాకా తొలిచూలు పిల్లలందరూ చచ్చిపోతారని చదివాను. అమ్మ చేతిలో చాట ఆగింది.

'తిరగలి కాడ దాసిదేం చేసిందే?'

'ఏం చెయ్యలేదమ్మా.'

'ఫరో చేసిందానికి దానికేంటి?'

నేనేం మాట్లాడలేదు.

'అయితే చీకట్లో ఆయనక్కూడా ఊరేదో పల్లేదో తెలవలేదన్నమాట,' అని మళ్ళీ రాళ్ళేరుకుంది.

ఇరవై ఏళ్ళుగా నేను విన్న ప్రసంగాలన్నీ కలిపినా ఇంత వ్యాఖ్యానం వినలేదు. అమ్మ ప్రార్థన మానలేదు, ఆదివారం చర్చి మానలేదు. ఆయన చూస్తున్నాడులే అని ఇప్పటికీ అంటుంది. నేను కాదనను. అయితే చూస్తున్నవాడు సాక్షి అవుతాడు. సాక్షి ఒక్కడితో కేసు నిలబడదు, పిలిచి అడిగేవాళ్ళు కావాలి. బైబిల్లో దేవుడు ఏ రాజునీ పల్లెవాళ్ళ మౌనం సాయంతో లెక్క అడగలేదు. అహాబు దగ్గరికి ఒక ఏలీయా నడిచి వెళ్ళాడు. యెహోయాకీము రాజు యిర్మీయా మాటలు రాసిన చుట్టని చాకుతో కోసి కుంపట్లో వేస్తే బారూకు మళ్ళీ మొదట్నించీ రాశాడు, ఇంకా చాలా మాటలు కలిపి. మా గుర్రం జాషువా 1941లో గబ్బిలం చేత దేవుడికి కబురు పంపాడు. గుడిలోకి మనిషిని రానివ్వరు గనక గబ్బిలాన్ని పంపాడు. చర్చిలోకి మమ్మల్ని రానిస్తారు. మరి మా కబురు ఎందుకు వెళ్ళదు?

ఎందుకంటే అహాబు బల్ల దగ్గర నాలుగొందలమంది ప్రవక్తలు ఉన్నారు. యుద్ధానికి వెళ్ళు, గెలుస్తావు అని ఒకే గొంతుతో చెప్పారు. వద్దన్నవాడు మీకాయా ఒక్కడు. చెంపదెబ్బ తిని జైలుకెళ్ళాడు. మన రాష్ట్రంలో ఈ మధ్య కాలంలోనే పాస్టర్లకి నెలకి అయిదు వేలు ప్రభుత్వం గౌరవ వేతనం అని ఇచ్చింది. పూరిపాకలో ఉండే పల్లె పాస్టరుకి అది బియ్యం ఖర్చు, దాన్ని ఎగతాళి చేసేంత కడుపు నిండినదాన్ని కాదు. అర్చకులకీ ఇస్తున్నారు, ఇమాములకీ ఇస్తున్నారు. నేనూ ప్రభుత్వ జీతమే తింటున్నాను. ఎవరి జీతం తిన్నా నోరు మనదే గదా అంటున్నాను. ఆమోసుకి బేతేలు యాజకుడు అమజ్యా ఏం చెప్పాడు? ఇది రాజుగారి గుడి, ఇక్కడ ఇలాంటివి మాట్లాడకు, మీ ఊరు పోయి అక్కడ పొట్ట పోసుకో అన్నాడు. రేకులు వేయించినవాడి చర్చిలో మనకి చెప్పేదీ అదే.

రెండో కారణం ఇంకా లోతుది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు అయితేనే ఎస్సీ. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ కలిపారు, మమ్మల్ని కలపలేదు. పల్లెలో ఎందరికో ఆదివారం ఒక మతం, సర్టిఫికెట్టులో ఒక మతం. అలాంటి మనిషి ఏలీయా లాగా నిలబడి వేలు చూపిస్తే, వేలు మళ్ళీ అతని సర్టిఫికెట్టు వైపే తిరుగుతుంది. ఇది ఊహ కాదు. బాపట్లకీ రేపల్లెకీ మధ్య పిట్టలవానిపాలెం మండలంలో ఒక పాస్టరు తనని కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టాడు. 2025 ఏప్రిల్లో హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. నువ్వు పాస్టరువి, మతం మారినవాడివి, అట్రాసిటీ చట్టం నీకు వర్తించదంది. తిట్టినవాళ్ళకి అతను ఏ కులమో తెలుసు. కోర్టుకి మాత్రం అతను కులం లేనివాడు. తీర్పు దేవుడిది అని పల్లెలో అయ్యగారు అంటున్నదాన్నే చట్టం వేరే భాషలో అంటోంది, నీ దేవుడి దగ్గరికే పో అని.

విద్యార్థి మిత్రులు నన్నొకటి అడుగుతారు. ఇంత తెలిసీ ఇంకా ఆ చర్చిలోనే ఎందుకున్నావు టీచరూ, బౌద్ధంలోకి రావచ్చు గదా, అంబేద్కర్ చూపించిన దారి ఉంది గదా అని. గౌరవంగానే చెబుతున్నాను, వెళ్ళేవాళ్ళకి నా దండం. ఆ చర్చి గోడల మట్టి మా నాయనమ్మలు మోసినది. రేకులు వేయించినవాడు వచ్చి దాని మీద కూర్చుంటే లేచి వెళ్ళాల్సింది నేనా? నాబోతు కూడా వేరే తోట ఇస్తామంటే వద్దన్నాడు.

మొన్న దసరా సెలవుల్లో నేనూ, పల్లెలో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి మా సంఘం కమిటీకి ఒక కాగితం ఇచ్చాం. నేను రాశాను, ఇద్దరు సంతకం పెట్టారు, ఒకామె వేలిముద్ర వేసింది, చదివి వినిపించాకే వేసింది. అందులో అడిగింది రెండే. ఇకనించి బయటి పెద్దలెవర్నీ బలిపీఠం దగ్గరికి పిలిచి దీవెన ప్రార్థన చెయ్యకూడదు, పల్లెవాళ్ళ భూమి వాళ్ళ దగ్గరుంటే అది తేలేదాకా. రెండోది, రక్తక్షేత్రంలో ఉన్న పేర్లు ప్రతి ఆగస్టు మొదటి ఆదివారం మా చర్చిలో పైకి చదవాలి. కమిటీలో పెద్దలు కాగితం తీసుకున్నారు. ఒకాయన రెండో దానికి ఒప్పుకుందాం, మొదటిదాని సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఇంకొకాయన రెండూ వద్దన్నాడు, పండగ ముందు గొడవెందుకని. అయ్యగారు ఏమీ అనలేదు. తర్వాతి మీటింగుకి పెట్టారు.

ఆ మీటింగు ఈ నెల ఆఖరి ఆదివారం, ఆరాధన అయ్యాక. ఆడవాళ్ళు ఎప్పుడూ దానికి కూర్చోరు. అమ్మ వస్తానంది.